తిప్పి పంపిన కోడిపెట్ట

దైవాధీనం గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కండువా భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, "పద, అలా నడిచొద్దాం" అనేవారు. దారిలో ఏదో చెబుతారని ఆశపడి వెంట వెళ్లినవాళ్లకి నడకే మిగిలేది. కనబడినవాళ్లనల్లా పలకరిస్తూ, వాళ్ల పిల్లల పేర్లూ గేదెల జబ్బులూ అడుగుతూ, ఆఖరికి ఎవరిదో ఒక గుమ్మం ముందు ఆగేవారు. అడిగినవాడికి జవాబు ఆ గుమ్మంలో దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవడమే.

కాలవ కింద క్రైస్తవుల పేటల్లో ఆ రోజుల్లో గురువంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కరే. పేటకొక ఉపదేశి ఉండేవాడు. ఆదివారం వాక్యం చెప్పడం, పిల్లలకి పాటలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చెయ్యడం అతని పని. రొట్టే ద్రాక్షరసమూ పంచే సంస్కారం ఇవ్వడానికి మాత్రం నెలకోసారి గురువుగారు సైకిలు మీద రావాలి. తాటాకు కప్పిన గుడి, గంటకి బదులు వేపకొమ్మకి వేలాడగట్టిన రైలుపట్టా ముక్క, పేడతో అలికిన నేల మీద మగవాళ్లు ఒక పక్కా ఆడవాళ్లు ఒక పక్కా, మధ్యలో అటూ ఇటూ పాకే పిల్లలు. వానొస్తే గుడి కారేది, గాలొస్తే దీపం ఆరేది. అయినా ఆ గుడుల్లో కూర్చుని లేచినవాళ్లని ఇవాళ అడిగి చూడండి, అంత చల్లటి చోటు మళ్లీ చూడలేదంటారు.

ఆ పేటల్లో ఒక ముచ్చటైన అలవాటుండేది. ఇంట్లో ఏ మేలు జరిగినా దేవుడికి కృతజ్ఞత కానుక తెచ్చేవాళ్లు. సొరకాయో, గంపెడు చింతపండో, గుడ్లో, కోడిపెట్టో, ఎవరికి ఉన్నది వాళ్లు. శనివారంనాడే తెచ్చి ఉపదేశికి ఒప్పజెప్పి ఎందుకు తెచ్చారో చెబితే, అతను ఆదివారం ఆరాధనలో అందరికీ వినబడేలా గొంతెత్తి చదివేవాడు. చదవడమంటే కాగితం చూసి కాదు, నోటికి గుర్తుపెట్టుకునే. "యోనా ఇంట్లో గేదె చూడి కట్టినందుకు సోలెడు నెయ్యి." "మార్తమ్మ పంటినొప్పి తగ్గినందుకు గుమ్మడికాయ." ప్రతి కానుకకీ జనం "స్తోత్రం" అనేవాళ్లు. ఆరాధన అయ్యాక గుడి ముందు వాటిని వేలం వేసేవాళ్లు. పొరుగింటి సంగతులు తెలుసుకోవడానికి వారానికొక్కసారి దొరికే అవకాశమది, అందుకని నిద్రపోయేవాళ్లు కూడా ఆ వేళకి లేచి కూర్చునేవాళ్లు.

పాటిమీది పేటకి ఉపదేశిగా వచ్చిన సత్యదానం కుర్రవాడు. గొంతు మంచిది, భక్తి ఇంకా మంచిది. ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో మనవాళ్లు పెళ్లిళ్లు చెయ్యరు కాబట్టి, ఆ నలభై రోజులూ మొదలుకాక ముందే అతనికి ఎస్తేరుతో పెళ్లి జరిపించారు. ఆ పిల్ల నవ్వితే ఎదుటివాడికి కూడా నవ్వొచ్చేది. పెళ్లయిన ఆ కొద్ది వారాలూ సత్యదానం భూమ్మీద నడవలేదు. గుళ్లో పాట ఎత్తుకుంటే ఆమె మెడ గుర్తొచ్చేది. ప్రార్థనకి కళ్లు మూసుకుంటే ఆమె వేళ్లు తన జుట్టులో తిరుగుతున్నట్టుండేది. ఇంత సంతోషం ఒంట్లో పెట్టుకుని దేవుడి ముందు ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు. తెలియక భయపడ్డాడు.

భయపడ్డవాడు ఊరుకున్నా బావుండేది. శ్రమదినాలు మొదలైన బుధవారంనాడు సంఘం ముందు నిలబడి, ఈ నలభై రోజులూ ఇంట్లో పడుకోననీ, గుళ్లోనే చాప వేసుకుని ప్రార్థనలో గడుపుతాననీ మొక్కుకున్నాడు. పెద్దలు తలలూపారు. ఈ వయసులో ఇంత నిగ్రహమా అని మెచ్చుకున్నారు. ఎస్తేరు ఆడవాళ్ల వరసలో కూర్చుని, అందరితో పాటే ఆ సంగతి విన్నది.

నెల తిరిగింది. ఎస్తేరు అందరిలాగే మొగుణ్ణి "ఉపదేశిగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. అది గౌరవమనుకున్నాడు మహానుభావుడు. గురువుగారు వచ్చే శనివారంనాడు పొద్దున్నే అతను చాప చుట్టుకుని ఇంటికొచ్చేసరికి ట్రంకుపెట్టె గుమ్మంలోకి వచ్చి ఉంది.

"సోమవారం మా నాన్న వస్తున్నాడు. ఆయనతో వెళ్తాను" అంది ఎస్తేరు.

"పండక్కా?"

"పండక్కి కాదు, ఉండిపోడానికే. గుళ్లో పడుకుంటున్నారని అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు. కొత్త పెళ్లాన్ని వదిలి గుళ్లో పడుకున్నాడంటే ఆ పిల్లలో ఏం లోపముందోనని నన్ను నూతి దగ్గర చూస్తున్నారు. మళ్లీ రమ్మని కబురు పంపకండి."

వద్దని చెయ్యి పట్టుకుందామంటే సత్యదానానికి మొక్కు అడ్డొచ్చింది. దేవుడికిచ్చిన మాట తప్పనా, కట్టుకున్నదాన్ని పోగొట్టుకోనా అని అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఇళ్ల కప్పులు నేసే ఇస్సాకు చంకలో కోడిపెట్టతో నవ్వుకుంటూ వచ్చాడు.

ఇస్సాకు నడివయసు దాటినవాడు. అతని భార్య సంతోషమ్మకి క్షయ వచ్చి కొన్నేళ్లు మిషను ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చాక కూడా కంచం వేరు, గ్లాసు వేరు, మంచం వేరు. ఈమధ్యే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఇక ఏ భయమూ లేదు, అందరిలాగే ఉండండని చెప్పి పంపింది.

"రేపు చదవండి ఉపదేశిగారూ. ఇస్సాకూ, సంతోషమ్మా, ఒక కోడిపెట్ట. దేవుడు మమ్మల్ని మళ్లీ ఒక్క పక్క మీదికి చేర్చినందుకు."

"సంతోషమ్మ పిన్ని ఆరోగ్యం నిమిత్తం అని చదువుతానులే బాబాయ్."

"ఆరోగ్యానికి అప్పుడే మేకపిల్లనిచ్చాను కదండీ. ఇది వేరు."

మామూలు రోజైతే సత్యదానం సర్దిచెప్పి పంపేవాడేమో. ఆవేళ మనసు పుండుగా ఉంది. "ఏంటి బాబాయ్ ఆ మాటలు? శ్రమదినాల్లో, దేవుడి సన్నిధిలో, పక్కల సంగతులా? ఇలాంటివి గుళ్లోకి తేకూడదు. పట్టుకుపో" అని గట్టిగానే అన్నాడు. ఇస్సాకు మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. కోడిని చంకలో సర్దుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. లోపల చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్న ఎస్తేరు చెయ్యి కూడా ఆగింది.

మధ్యాహ్నం తిరిగాక గురువుగారి సైకిలు వచ్చింది. కాళ్లు కడుక్కుని, ఎస్తేరు ఇచ్చిన మజ్జిగ తాగి, ఆయన గుమ్మంలో పెట్టెని చూశారు, మూలనున్న చాప చుట్టని చూశారు, ఏమీ అడగలేదు. సత్యదానమే ఆగలేక పొద్దుటి కోడిపెట్ట సంగతంతా చెప్పాడు. పెట్టె సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పి, అసలు ప్రశ్న అడిగాడు.

"అయ్యగారూ, పెళ్లిలో తప్పు లేదని నాకు తెలుసు. కానీ ఒంటి సంతోషం ఒంటిదే కదండీ. దాన్ని దేవుడి ముందుకి తేవచ్చా? అది మనల్ని ఆయన నుంచి దూరం లాగేది కాదా?"

గురువుగారు కండువా తీసుకుని లేచారు. "పద, అలా నడిచొద్దాం. అమ్మా ఎస్తేరూ, నువ్వూ రా. ఇల్లెక్కడికీ పోదు."

దారిలో ఆయన ఎవరింట్లోనో కొత్తగా పుట్టిన పిల్లాణ్ణి ఎత్తుకున్నారు. ఒక ముసలాయన కాలి పుండు చూశారు. ఇస్సాకు ఇంటి ముందు ఆగారు. వాకిట్లో ఒకటే మంచం. దాని కోడుకి కట్టేసి ఉంది కోడిపెట్ట. ఇస్సాకు లేచి గురువుగారికి దణ్ణం పెట్టి, మంచం మీద దుప్పటి దులిపి కూర్చోమన్నాడు. ఉపదేశి వైపు చూడలేదు. సంతోషమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని తలుపు వెనక్కి వెళ్లింది.

"మీ ఇంట్లో ఒక కానుక ఆగిపోయిందట కదా ఇస్సాకూ" అన్నారు గురువుగారు.

ఇస్సాకు కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. "దేవుడికి అక్కర్లేదంట అయ్యగారండీ! యోనా గేదె చూడి కట్టిందంటే గొంతెత్తి చదువుతారు, అందరూ స్తోత్రం అంటారు. మనిషి తన మనిషి పక్కన పడుకున్నానంటే సిగ్గులేదా అంటారు. మరి గేదెని చేసింది ఆయనే, మమ్మల్ని చేసింది ఇంకొకరా?"

తలుపు వెనక నుంచి సంతోషమ్మ మందలించింది. "ఊరుకో. నేను చెప్పానా, ఆరోగ్యమని చదివించెయ్యమని? వినడు కదండీ అయ్యగారూ, ఊళ్లో నా పరువు తీస్తాడు."

"నువ్వేమంటావమ్మా? చదవద్దంటావా?" అన్నారు గురువుగారు.

ఆమె తలుపు వెనక నుంచి బయటికొచ్చింది. సన్నటి మనిషి. మాట్లాడినంతసేపూ మగవాళ్ల వైపు కాకుండా ఎస్తేరు వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆస్పత్రిలో నన్ను ముట్టుకున్నవాళ్లంతా రోగం చూడ్డానికి ముట్టుకున్నవాళ్లేనమ్మా. ఇంటికొచ్చాక ఆ మాత్రం కూడా లేదు. ఈయన మంచివాడే, వేళకి మందిచ్చేవాడు. కానీ గ్లాసు కింద పెట్టి జరిగేవాడు, నేను తీసుకునేదాన్ని. డాక్టర్లు చెప్పారనే చేసేవాడు, నాకు తెలుసు. తెలిసినా లాభం లేదమ్మా. పక్కనున్నవాడు ముట్టుకోకపోతే, ఎందుకు ముట్టుకోవట్లేదో ఎంత తెలిసినా, తప్పు నా ఒంట్లోనే ఉందనిపిస్తుంది. భయం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజున కూడా నాకు నమ్మకం కుదరలేదు. ఈయనొచ్చి చెయ్యేసి పడుకున్నాడు. అప్పుడేడ్చాను. ఆ ఏడుపులోనే ప్రార్థన చేశాను. అన్నేళ్లలో నాకు ప్రార్థన వచ్చింది ఆ రాత్రే."

ఎస్తేరు ఏడుపు ఆపుకోలేక మొహం గోడవైపు తిప్పుకుంది. దాని చప్పుడు సత్యదానానికి వినబడింది. ఆ నెలంతా గుళ్లో చాప మీద పడుకుని తాను ఎంతో కష్టం మోస్తున్నాననుకున్నాడు గాని, ఇంట్లో ఒక మనిషి తన ఒంటిని తానే అనుమానించుకుంటూ తెల్లవార్లూ పడుకుందని అతనికి తట్టనే లేదు.

గురువుగారు వంగి కోడిపెట్ట తాడు విప్పి, దాన్ని తెచ్చి సత్యదానం చేతుల్లో పెట్టారు.

"రేపు వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టు చదువు. నీ మాట కలపకు" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు గురువుగారు ముందు నడిచారు. సత్యదానం ఎప్పుడూ ఎస్తేరుకి ముందు నడిచేవాడు, ఆవేళ పక్కన నడిచాడు. చేతుల్లో కోడి ఒకటే గింజుకుంటోంది. "నువ్వూ అలాగే అనుకున్నావా?" అని అడిగాడు మెల్లగా. "ఇంకేమనుకోమంటారు?" అంది ఎస్తేరు. చీకటి పడ్డాక, మొక్కు మొక్కే కదా అని సత్యదానం చాప తీసుకుని గుడికి వెళ్లాడు. వెనక తలుపు గడియ పడింది.

ఆదివారం గుడి నిండింది. వాక్యమయ్యాక కానుకల వేళకి అందరూ సర్దుకుని కూర్చున్నారు. సొరకాయలు అయ్యాయి, చింతపండు అయింది. సత్యదానం కోడిపెట్టని పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట అనడానికి వెయ్యిసార్లు ధైర్యం కూడదీసుకుని ఉంటాడు. ఆఖరికి గొంతెత్తకుండానే, ప్రార్థనలో మాట్లాడినట్టు అన్నాడు.

"ఇస్సాకు, సంతోషమ్మ. ఒక కోడిపెట్ట. దేవుడు మమ్మల్ని మళ్లీ ఒక్క పక్క మీదికి చేర్చినందుకు."

అంటూనే అతను ఆడవాళ్ల వరస వైపు చూశాడు. నెల రోజుల్లో గుళ్లో అటు చూడడం అదే మొదలు. ఎస్తేరు అతన్నే చూస్తోంది. అతని కళ్లు నిండిపోయి ఆమె కనబడకుండా పోయింది.

సంఘపెద్ద యోనా దగ్గుదామా మానేద్దామా అన్నట్టు నోటికి గుప్పెట అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు ఆడవాళ్లలోంచి మార్తమ్మ, మొగుడు పోయి ఎంతో కాలమైన మనిషి, "స్తోత్రం తండ్రీ" అంది. ఆ వెంటనే అందరూ అన్నారు. కొందరు నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇస్సాకు మగవాళ్ల వరసలో కాలరు సర్దుకుని కూర్చున్నాడు. సంతోషమ్మ కొంగులో మొహం దాచుకుంది, భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి. గురువుగారు ఏమీ జరగనట్టు లేచి సంస్కారానికి రొట్టె విరిచారు.

ఆరాధనయ్యాక వేలం మొదలైంది. కోడిపెట్టని యోనా పైకెత్తి చూపించాడు. మంచి జాతి పెట్ట, నాలుగు రోజుల్లో గుడ్లకొస్తుందన్నాడు. ఇద్దరు ముగ్గురు వేలంపాట పాడారు. ఇంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు వాళ్లందరినీ మించి పాడింది. జనం తిరిగి చూశారు. ఉపదేశిగారి భార్య. ఆ పిల్ల పేటకొచ్చినప్పటి నుంచీ నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి. ఇంకొకరు పెంచబోతే మళ్లీ పెంచింది. ఆమెతో పోటీ ఎందుకులెమ్మని వాళ్లు ఊరుకున్నారు.

సత్యదానం గుడి గుమ్మంలో కొయ్యబారి నిలబడ్డాడు. రేపు పెట్టె ఎత్తుకుని ఊరు విడిచి వెళ్లే మనిషి ఇవాళ గుడ్లకొచ్చే పెట్టని కొనుక్కోదు కదా. ఎస్తేరు పెట్టని చంకలో పెట్టుకుని, అతని పక్కనుంచే, అతని వైపు చూడకుండా ఇంటికి నడిచింది. వెళ్తూ వెళ్తూ కోడికేదో చెబుతోంది. ఆ నడకలో పెళ్లినాటి విసురు కొంచెం తిరిగొచ్చినట్టుంది.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఆ తాటాకు గుడి పోయింది, దాని చోట సిమెంటు గుడి లేచింది. మైకుంది, కానుకలు కవర్లలో వస్తున్నాయి, ఏ మేలుకి ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. ఇస్సాకూ సంతోషమ్మా ఒకే ఏడాది వెళ్లిపోయారు. సత్యదానంగారు తర్వాత తానే గురువై, ఆ ఊళ్లలోనే సైకిలు తొక్కి, ముసలివారయ్యారు. ఎస్తేరమ్మగారు పోయిన రోజు ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు ఆయన మంచం మీద ఒక పక్కకే పడుకుంటారు, రెండో పక్క ఖాళీగా వదిలేస్తారు. కొత్తగా పెళ్లయినవాళ్లు దీవెనకొస్తే ప్రసంగం చెయ్యరు, ఈ కోడిపెట్ట కథ చెబుతారు. చెబుతూ మధ్యలో ఆగి, ఆ తాటాకుల చల్లదనం, ఆ "స్తోత్రం" ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయర్రా అంటారు. తర్వాత ఆ ఆదివారం చివర జరిగిన మాట చెబుతారు.

గురువుగారు సైకిలుకి సంచి తగిలించుకుంటున్నారు. సత్యదానం దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"అయ్యగారూ, శ్రమదినాలు ఇంకా ఉన్నాయి. నేను సంఘం ముందు మొక్కుకున్నాను. దేవుడికిచ్చేసిన దాన్ని మళ్లీ ఎలా తీసుకోనండీ?"

"మొక్కుకునే ముందు ఆ అమ్మాయిని అడిగావా?"

"లేదండి."

గురువుగారు సైకిలెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, కాలవగట్టు వైపు చూస్తూ అన్నారు. "అయితే ఆయన పుచ్చుకుని ఉండడులే. వెళ్లి ఆ పిల్లది ఆ పిల్లకి ఇచ్చెయ్యి."